మన గోదారి ఉక్కలో చిన్న బోర్డు మీద ఓవర్‌క్లాకింగ్: ఏం చూసి కొనాలి

ఓవర్‌క్లాకింగ్, అంటే చిప్పుల్ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ నడిపించడం గురించి భీమవరం తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. చేతిలో ఏఎండీ రైజెన్ 7 7800ఎక్స్3డి ప్రాసెసర్ ఉంది. 18 లీటర్ల చిన్న క్యాబినెట్, 240 ఎంఎం ఏఐఓ (పంపు, రేడియేటర్‌తో నీళ్లు తిప్పి చల్లబరిచే) కూలర్, 16 జీబీవి రెండు డీడీఆర్5-6000 ర్యామ్ స్టిక్కులు కొనేశారు. ఇక మదర్‌బోర్డు మిగిలింది. రెండు మినీ ఐటీఎక్స్ (చిన్న చదరపు సైజు) బోర్డులు చూసుకున్నారు. ఒకదాని డబ్బా మీద 8+2+1 ఫేజులు, ఒక్కో స్టేజీ 80 ఆంపియర్లు అని ఉంది. రెండోది 5+2+1, ఒక్కోటి 105 ఆంపియర్లు, ధర ఏడు వేలు తక్కువ. "ఓవర్‌క్లాకింగ్‌కి ఏది మంచిదండీ? అసలు ఐటీఎక్స్ అంటే బొమ్మ బోర్డు, దాంతో ఓవర్‌క్లాకింగేంటని హైదరాబాద్‌లో మా సీనియర్ నవ్వాడు" అని రాశారు.

పాలకొల్లులో మొదలుపెట్టి, తర్వాత రాజమండ్రిలో, మొత్తం పద్దెనిమిదేళ్లుగా సిస్టమ్స్ కడుతున్నాను. ముందు జవాబు చెప్పేస్తాను. మీ ప్రాసెసర్ వరకూ ఐదు ఫేజుల బోర్డు చాలు. ఆ ఏడు వేలు పెట్టాలా వద్దా అన్నది ఫేజుల లెక్క మీద తేలదు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మీ గదిలో ఆ బోర్డు వేడి ఎటు పోతుందన్న దాని మీద తేలుతుంది. ఎందుకో వివరంగా చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ఫేజులంటే ఏంటో ముందు చూద్దాం. పవర్ సప్లై నుంచి వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్ తాగేది ఒక వోల్టు, ఒకటిన్నర లోపే. ఆ దింపుడు పని చేసేది వీఆర్ఎం. వోల్టులు దిగిన కొద్దీ ఆంపియర్లు పెరుగుతాయి కాబట్టి ఆ బరువుని నలుగురికి పంచాలి. మోసే ఒక్కొక్కరూ ఒక ఫేజు, అతని బలమే స్టేజీ ఆంపియర్లు. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీకి ఎనిమిది మంది జట్టు ఎక్కితే ఒకలా, ఐదుగురు ఎక్కితే ఒకలా ఉంటుంది కదా, అదే ఇది. ఐదుగురూ బలవంతులైతే లారీ నిండుతుంది గానీ చెమట ఎక్కువ కారుతుంది. 8+2+1లో ఎనిమిది ప్రాసెసర్ కోర్లకి, రెండు లోపలి మెమరీ కంట్రోలర్ వగైరా ఉండే ఎస్ఓసీ భాగానికి, ఒకటి చిల్లర పనులకి. కొన్ని బోర్డులు 16 అని గొప్పగా రాస్తాయి. లోపల చూస్తే కంట్రోలర్ పిలిచేది ఎనిమిది మందినే, ఒక్కో పిలుపుకి ఇద్దరు కలిసి మోస్తారు. అది మోసం కాదు, బరువు నిజంగానే పంచుకుంటారు. కాకపోతే డబ్బా మీది అంకె చూసి పొంగిపోవద్దు.

ఇప్పుడు మీ ప్రాసెసర్ లెక్క. 7800ఎక్స్3డికి రాసి ఉన్న టీడీపీ, అంటే కూలర్ లెక్కకి చెప్పే వేడి అంకె, 120 వాట్లు. అది కూర్చునే ఏఎం5 సాకెట్‌లో దానికి ఇచ్చే గరిష్ఠ హద్దు, అంటే పీపీటీ, 162 వాట్లు. ఆ హద్దుదాకా అది పోనే పోదు. కోర్లన్నీ బిగించి పనిచేయించినా 90 వాట్ల లోపే తిరుగుతుంది, గేముల్లో ఇంకా తక్కువ. 90 వాట్లంటే 1.1 వోల్టుల దగ్గర దాదాపు 80 ఆంపియర్లు. ఐదుగురికి పంచితే తలా 16, ఎనిమిది మందికి పంచితే తలా 10. 105 ఆంపియర్లు మోయగలవాడికి 16 ఒక లెక్కా? రెండు బోర్డులూ నిద్రలో చేసేస్తాయి ఈ పని.

తేడా కనిపించేది రేపు మీరు 16 కోర్ల 170 వాట్ల ప్రాసెసర్ పెట్టినప్పుడు. దాని పీపీటీ 230 వాట్లు. 1.2 వోల్టులనుకుంటే 190 ఆంపియర్లు. ఐదుకి పంచితే తలా 38, ఎనిమిదికి పంచితే తలా 24. నిరోధం వల్ల పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. అంటే ఒకే రకం స్టేజీలైతే ఐదుగురి జట్టు మొత్తం మీద ఒకటిన్నర రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. వీఆర్ఎం 90 శాతం సామర్థ్యంతో పనిచేసినా 230 వాట్లు అందించడానికి పాతిక వాట్లు దానిలోనే వేడిగా పోతాయి. పెద్ద సైజు ఏటీఎక్స్ బోర్డు మీద ఆ పాతిక వాట్లకి చోటుంది. ఐటీఎక్స్ బోర్డంటే 170 మిల్లీమీటర్లకి 170. జానెడు కంటే కాస్త తక్కువ చదరం. ఆ జానెడులోనే సాకెట్, ర్యామ్, చిప్‌సెట్, ఎం.2 (ఎస్ఎస్‌డీ పెట్టే చోటు), వైఫై అన్నీ. కింద గ్రాఫిక్స్ కార్డు పొయ్యిలా మండుతూ ఉంటుంది. అసలు చిక్కు ఇక్కడ.

రివ్యూల్లో వీఆర్ఎం 68 డిగ్రీలు అని చూసి మురిసిపోతాం. ఆ పరీక్ష 22 డిగ్రీల ఏసీ గదిలో, చాలాసార్లు బల్ల మీద విప్పి పెట్టిన బోర్డు మీద చేసింది. అంటే గది కంటే 46 డిగ్రీలు ఎక్కువ. రోహిణి కార్తెలో మన గది 37 ఉంటే అదే బోర్డు 83కి వస్తుంది. క్యాబినెట్ మూసేస్తే ఇంకో పది వేసుకోండి. పైగా వీఆర్ఎంలోని మాస్‌ఫెట్ అనే స్విచ్ వేడెక్కిన కొద్దీ దాని నిరోధం పెరిగి మరికాస్త వేడి పుడుతుంది, కాబట్టి నిజం ఈ కూడిక కంటే కొంచెం చేదుగానే ఉంటుంది. అందుకని ఏ రివ్యూ చదివినా ముందు గది ఉష్ణోగ్రత ఎంతో వెతకండి. అది రాయని వీఆర్ఎం అంకెని పక్కన పెట్టేయండి.

ఇంకోటి, మీరు ఏఐఓ కొన్నారు. టవర్ కూలరో, పైనుంచి కిందికి ఊదే కూలరో ఉంటే సాకెట్ చుట్టూ గాలి ఆడుతుంది, వీఆర్ఎం హీట్‌సింక్‌కి ఉచితంగా గాలి తగులుతుంది. ఏఐఓ పెడితే సాకెట్ మీద పంపు మాత్రమే, గాలంతా రేడియేటర్ దగ్గర. నా దగ్గరి ఒక బోర్డు మీద, అదే గదిలో, అదే లోడులో, పైనుంచి ఊదే కూలర్‌తో 74 ఉన్న వీఆర్ఎం ఏఐఓ పెట్టాక 88 చూపించింది. ప్రాసెసర్ చల్లబడింది, పక్కవాడు కాలాడు. కాబట్టి మీ 18 లీటర్ల పెట్టెలో రేడియేటర్‌ని గాలి బయటకు తోసేలా పైన బిగించుకుని, కింద లేదా వెనక ఒక ఫ్యాన్ సాకెట్ వైపు గాలి తిప్పేలా పెట్టండి.

హీట్‌సింక్ చూసేటప్పుడు అందం కాదు, బరువూ రెక్కలూ చూడాలి. కొన్నింటికి పైన బూడిద రంగు లోహపు మూత, దాని మీద లైట్లు, కింద నున్నటి దిమ్మె, రెక్కలే ఉండవు. అలాంటిది వేడిని దాచుకుంటుంది గానీ వదలదు. రెండు దిమ్మెల్ని కలుపుతూ హీట్‌పైప్ ఉంటే మంచిది. కొన్నిటిలో వెనక పోర్టుల మీది మూత కింద 30, 40 మిల్లీమీటర్ల బుల్లి ఫ్యాన్ ఉంటుంది. ఆ బుల్లి ఫ్యాన్ గురించి ఒక కథ చెప్పాలి.

మూడేళ్ల కింద మండపేట నుంచి ఒకాయన వీడియో ఎడిటింగ్ సిస్టమ్ తెచ్చారు. రోజూ భోజనాలయ్యాక ఒంటిగంటన్నరకి మొదలై సాయంత్రం నాలుగున్నర దాకా సిస్టమ్ నత్తనడక. రాత్రిళ్లు బాగానే ఉంటుంది. "మధ్యాహ్నం లో-వోల్టేజండీ, కరెంటోళ్ల పుణ్యం" అని ఆయన గట్టి నమ్మకం. మా షాపులో పెడితే ఏసీలో చక్కగా నడిచింది. నాకూ అర్థం కాలేదు. మూడో రోజు వాళ్లింటికే వెళ్లి హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వేగం చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి కూర్చున్నా. రెండవుతుండగా వీఆర్ఎం గడిలో అంకె 98, 103, 107... అక్కడ ప్రాసెసర్ వేగం ఒక్కసారి 4.4 గిగాహెర్ట్జ్ నుంచి 2.2కి పడిపోయింది. బోర్డు తనని తాను కాపాడుకోవడానికి గొంతు నొక్కేసింది. మూత విప్పితే బుల్లి ఫ్యాన్ తిరగడం లేదు. రెక్కల మధ్య బూడిద రంగు ముద్ద, వేలితో తీస్తే తడి సిమెంటులా వచ్చింది. వాళ్ల మేడకి అటువైపు రైస్‌మిల్లు. ఊక బూడిద గాలికి వచ్చి, మన తేమకి ముద్దయి, ఫ్యాన్ ఇరుసు పట్టేసింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పిల్లల పెయింటింగ్ బ్రష్‌తో గంటసేపు కడిగితే తిరిగింది. నాలుగు నెలలకి మళ్లీ ఆగింది. చివరికి ఆ ఫ్యాన్ పీకేసి, 80 ఎంఎం ఫ్యాన్ ఒకటి జిప్ టైలతో హీట్‌సింక్‌కి ఎదురుగా కట్టా. చూడ్డానికి ముష్టిగా ఉంది గానీ మరి అడగలేదాయన.

అప్పటి నుంచి నా నియమం ఒకటే. మిల్లుల ఊళ్లలో, తణుకు, మండపేట, తాడేపల్లిగూడెం లాంటి చోట్ల, బుల్లి ఫ్యాన్ మీద ఆధారపడే బోర్డు కొనను. పెద్ద రెక్కల హీట్‌సింక్ ఉన్నదే కొంటా. మీ ఎనిమిది ఫేజుల బోర్డుకి ఆ ఫ్యాన్ ఉండి, ఐదు ఫేజులదానికి లేకపోతే, నేనైతే కళ్లు మూసుకుని ఐదుదే తీసుకుంటా.

ఇప్పుడు మీ సీనియర్ నవ్వు సంగతి. ఆయన సగమే కరెక్టు. ఐటీఎక్స్‌ని 2001లో వీఐఏ కంపెనీ తెచ్చినప్పుడు అది నిజంగా చిన్నా చితకా పనులకే. కానీ 2013లో ఆసుస్ మాక్సిమస్ 6 ఇంపాక్ట్ వచ్చింది. చోటు లేదని వీఆర్ఎంని నిలువుగా ఒక చిన్న పలక మీద నిలబెట్టారు. ఆ రోజుల్లో దాన్ని చూసి నోరెళ్లబెట్టాం. అస్‌రాక్ కంపెనీ ఇంటెల్ పెద్ద ప్రాసెసర్ల ఎక్స్299 ప్లాట్‌ఫామ్‌ని ఐటీఎక్స్‌లో కూర్చి, ల్యాప్‌టాప్ ర్యామ్ సాకెట్లు నాలుగు పెట్టి నాలుగు ఛానళ్లూ (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారులు) ఇచ్చింది. అయినా ప్రాసెసర్‌ని ఎడాపెడా లాగాలంటే పెద్ద బోర్డే నయం, అక్కడ ఆయన మాట నిజం.

ర్యామ్ దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది. ఐటీఎక్స్ బోర్డుకి ర్యామ్ సాకెట్లు రెండే. ఛానల్‌కి ఒకటి. నాలుగు సాకెట్ల బోర్డులో ఖాళీగా ఉన్న సాకెట్ దగ్గర తీగ ముక్క వేలాడుతూ ఉంటుంది, సిగ్నల్ అక్కడికెళ్లి తిరిగొచ్చి అసలు సిగ్నల్‌ని చెడగొడుతుంది. పిల్ల కాలవ చివర మూసేస్తే నీళ్లు వెనక్కి తన్నినట్టు. రెండే సాకెట్లుంటే ఆ గొడవ లేదు, దారి కూడా పొట్టి. ర్యామ్ రికార్డులకి వాడే పెద్ద బోర్డులు, ఆసుస్ ఏపెక్స్, గిగాబైట్ టాకియాన్ లాంటివి, కావాలనే రెండు సాకెట్లతో చేస్తారు. మన బొమ్మ బోర్డుకి అది పుట్టుకతో వచ్చింది.

మీ ప్రాసెసర్‌కి పనికొచ్చే ఓవర్‌క్లాకింగ్ కూడా ఇక్కడే ఉంది. 7800ఎక్స్3డిలో వేగం పెంచే మల్టిప్లయర్ అనే సెట్టింగ్‌కి తాళం వేసి ఉంటుంది. బయటి క్లాక్ జనరేటర్ ఉన్న కొన్ని బోర్డుల్లో దొడ్డిదారి ఉంది గానీ దానికోసం డబ్బు తగలేయొద్దు. మీరు చేయదగ్గవి రెండు. కర్వ్ ఆప్టిమైజర్ అనే వోల్టేజ్ తగ్గించే సెట్టింగ్‌లో మైనస్ 15తో మొదలుపెట్టి, నిలబడినంత వరకూ మైనస్ 30 వైపు దిగడం. ర్యామ్‌ని 6000 దగ్గర మెమరీ కంట్రోలర్‌తో ఒకటికి ఒకటి నడిపించి టైమింగులు (ర్యామ్ స్పందించడానికి పట్టే వ్యవధులు) బిగించడం. కొందరికి 6400 కూడా ఒకటికి ఒకటి నిలబడుతుంది, అది మీ చిప్ అదృష్టం. 8000 లాంటి అంకెల వెంట పడితే కంట్రోలర్ సగం వేగానికి దిగుతుంది, ఈ ప్రాసెసర్‌లో దానివల్ల ఒరిగేది స్వల్పం. ఎస్ఓసీ వోల్టేజ్ మాత్రం 1.3 దాటనివ్వొద్దు. 2023 ఏప్రిల్‌లో ఈ ఎక్స్3డి చిప్పులే కొన్ని సాకెట్లతో సహా కాలిపోయాక, ఏఎండీ ఆ హద్దు పెడుతూ బయోస్ (బోర్డుని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇప్పించింది. షాపులో ఎక్కువ కాలం నిలవున్న బోర్డయితే పాత బయోస్‌తో రావచ్చు. మొదటి పని అప్‌డేట్, ఎక్స్‌పో (ర్యామ్‌ని డబ్బా మీది వేగానికి తెచ్చే సెట్టింగ్) తర్వాత.

అప్‌డేట్ అంటే గుర్తొచ్చింది, ఓవర్‌క్లాకింగ్ చేసేవాడు బోర్డు వెనక పోర్టుల దగ్గర రెండు బటన్లు వెతకాలి: బయోస్ ఫ్లాష్‌బ్యాక్ (సిస్టమ్ లేవకపోయినా పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ ఎక్కించేది), క్లియర్ సీమాస్ (తప్పు సెట్టింగులు చెరిపేసి మొదటికి తెచ్చేది). పెద్ద క్యాబినెట్‌లో క్లియర్ సీమాస్ పిన్నులకి స్క్రూడ్రైవర్ తగిలించడం చిటికెలో పని. చిన్న పెట్టెలో ఆ పిన్నులు గ్రాఫిక్స్ కార్డు కింద ఉంటాయి. ర్యామ్ టైమింగ్ ఒకటి తప్పు పెట్టిన ప్రతిసారీ కార్డు విప్పి, దాన్ని బోర్డుకి కలిపే రైజర్ కేబుల్ లాగి, మళ్లీ బిగించి... రాత్రి పదకొండున్నరకి నాలుగోసారి ఆ పని చేసినవాడికి తెలుస్తుంది ఆ బటన్ విలువ. ఏ దశలో ఆగిందో చెప్పే చిన్న లైట్లు నాలుగున్నా చాలు. ఏడు వేలు ఎక్కువ పెట్టడానికి నా దృష్టిలో సరైన కారణం ఈ బటన్లే, ఎనిమిది ఫేజులు కాదు.

లోడ్‌లైన్ సెట్టింగ్ గురించి ఒక్క మాట. లోడు పడగానే వోల్టేజ్ కాస్త కుంగుతుంది, అందరూ ఒకేసారి నీళ్లు పెట్టుకుంటే శివారు చేలకి అందనట్టు. ఆ కుంగుడు పూర్తిగా లేకుండా చేద్దామని లోడ్‌లైన్‌ని చివరి మెట్టుకి పెట్టేస్తారు కుర్రాళ్లు. లోడు దిగిన క్షణంలో వోల్టేజ్ ఎగిరి తన్నేది అప్పుడే. మధ్య మెట్టులో వదిలేయండి.

ఎం.2 సాకెట్ల దగ్గర కూడా చూసుకోండి. చోటు లేక ఒకటి చిప్‌సెట్ నెత్తిన అంతస్తుల్లా పెడతారు, రెండోది బోర్డు వెనక. వెనకదానికి గాలి అందదు, క్యాబినెట్ రేకుకి మధ్య అంగుళం కూడా ఉండదు. అక్కడ వేడెక్కే పీసీఐఈ 5.0 ఎస్ఎస్‌డీ పెట్టొద్దు, మామూలు 4.0 లేదా 3.0 డ్రైవు సినిమాలకి పెట్టుకోండి. ఫ్యాన్ హెడర్లు మూడే ఉంటాయి సాధారణంగా. పంపుకి ఒకటి పోతే మిగిలినవి రెండు, స్ప్లిటర్ కొనుక్కోవాలి. క్యాబినెట్ రైజర్ కేబుల్‌తో వస్తే, అది పీసీఐఈ 3.0దో 4.0దో చూసి బయోస్‌లో స్లాట్ వేగం చేత్తో అదే పెట్టండి. ఆటోలో వదిలేస్తే నల్ల స్క్రీన్ చూసి బోర్డు పోయిందని ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

ఇక మన ప్రాంతపు తిప్పలు రెండు.

ఒకటి కరెంటు. ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేశాక ర్యామ్ ట్రైనింగ్ అని కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగా ఉంటుంది. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ మళ్లీ అదే. ఆ నిమిషాల్లో కరెంటు పోతే మొదటికొస్తుంది. బయోస్ అప్‌డేట్ మధ్యలో పోతే ఇక చెప్పక్కర్లేదు, అందుకే ఫ్లాష్‌బ్యాక్ బటన్ అడగమన్నది. ఇంటి ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, మామూలు మోడ్‌లో మారడానికి పట్టే టైముని పవర్ సప్లై తట్టుకోలేదు. పవర్ సప్లై తనలోని నిల్వతో మోయగలిగేది దాదాపు 16, 17 మిల్లీసెకన్లే. ఓవర్‌క్లాక్ చేస్తూ టెస్టులు నడిపేటప్పుడు ఆ కాసేపైనా యూపీఎస్ ఉండాలి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇంత ఖరీదైన బోర్డు తగిలించడం నేను చాలా ఇళ్లల్లో చూశా, క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది.

రెండోది తేమ. 32 డిగ్రీల గదిలో తేమ 70 శాతం ఉంటే దాదాపు 26 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉన్న ఏ వస్తువు మీదైనా నీళ్లు పట్టేస్తాయి. ఐస్ వాటర్, చిల్లర్ అంటూ వీడియోలు చూసి మొదలుపెట్టొద్దు. చలి దేశాల్లో 10 డిగ్రీల దాకా పొడిగా నడిచే పైపు మన దగ్గర పావుగంటలో కారుతుంది, అదీ జానెడు బోర్డు మీద ఎటు కారినా ఏదో ఒక చిప్పు మీదే. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లయితే ఉప్పు కూడా తోడు. ఏడాదిలో గ్రాఫిక్స్ కార్డు బ్రాకెట్ తుప్పు పట్టడం చూశా. వాడని పోర్టులకి, ఖాళీ స్లాట్లకి రబ్బరు మూతలు పెట్టండి. రోజూ ఓ గంటైనా సిస్టమ్ ఆన్‌లో ఉంటే ఆ వెచ్చదనానికి తేమ ఆరిపోతుంది. నెలల తరబడి మూలన పెట్టినవే ముందు పోతాయి.

బోర్డు వచ్చాక పరీక్ష ఇలా చేయండి. ఏసీ ఆపి, కిటికీ తీసి, మధ్యాహ్నం రెండింటికి. గోడకి తగిలించే థర్మామీటర్ ఏదైనా పర్లేదు, గది ఎంతుందో రాసుకోండి. క్యాబినెట్ మూతలన్నీ వేసి ఓసీసీటీ (సిస్టమ్ మీద బరువు పెట్టి పరీక్షించే సాఫ్ట్‌వేర్) ఒక గంట, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వీఆర్ఎం, ర్యామ్, ఎం.2 మూడూ చూడండి. వీఆర్ఎం 90 లోపు ఉంటే హాయి. 100 దాటితే గాలి దారి మార్చాలి. డీడీఆర్5 స్టిక్కులకి లోపలే ఉష్ణోగ్రత సెన్సార్ ఉంటుంది, టైమింగులు బిగించాక 55 దాటితే తప్పులు మొదలవ్వొచ్చు. జనవరిలో రాత్రంతా టెస్ట్‌మెమ్5 అనే ర్యామ్ టెస్టు పాసైన సెట్టింగ్ మేలో గేము మధ్యలో పడేయడానికి అదే కారణం. గేము ఆడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు వేడి కూడా ర్యామ్‌కే తగులుతుంది, కాబట్టి ర్యామ్ టెస్టు ఒక్కటే నడపకుండా పక్కన గ్రాఫిక్స్ లోడు కూడా పెట్టండి.

మీ విషయానికి వస్తే: ఐదు ఫేజులదానికి వెనక క్లియర్ సీమాస్, ఫ్లాష్‌బ్యాక్ రెండూ ఉండి, హీట్‌సింక్‌కి రెక్కలుంటే అదే తీసుకోండి, మిగిలిన ఏడు వేలతో మంచి యూపీఎస్ వస్తుంది. అవి లేకపోతే, ఎనిమిదిదానికి ఉంటే, ఎనిమిదే. రెండేళ్లలో 16 కోర్ల ప్రాసెసర్ పెట్టే ఉద్దేశం గట్టిగా ఉన్నా ఎనిమిదే.

కొనేటప్పుడు షాపు కౌంటర్ దగ్గరే సాకెట్ మూత తీయించి, పిన్నుల ఫోటో దగ్గరగా నాలుగు వైపుల నుంచీ ఫోన్‌లో తీసుకోండి. ఏఎం5 సాకెట్‌లో 1718 పిన్నులు, ఒక్కటి వంగినా వారంటీ లేదంటారు, వంచింది మీరేనంటారు. ఆన్‌లైన్‌లో అయితే డబ్బా సీలు కోసే దగ్గర నుంచి ఆగకుండా వీడియో తీయండి. ఆ ఫోటోలు పెట్టండి, పిన్నులు నేనూ ఓసారి చూస్తాను.